అరకిలో తోపుకు నలభై కిలోల బిగింపు

కుళాయి చుక్క చుక్కగా కారడం మొదలవగానే దాదాపు ప్రతి ఇంట్లో జరిగేది ఒకటే: ఇంకాస్త గట్టిగా తిప్పుతారు. ఆ పూటకు ఆగుతుంది. వారం తిరిగేసరికి మళ్లీ మొదలవుతుంది. ఈసారి ఇంకాస్త బలం పెట్టాలి. కొన్నాళ్లకు ఇంట్లో బలమున్నవాళ్లు కట్టేసిన కుళాయిని పిల్లలు, ముసలివాళ్లు విప్పలేని స్థితి వస్తుంది. ఆ తర్వాత ఒకరోజు ఎవరు ఎంత తిప్పినా ఆగదు. కింద బక్కెట్టు పెడతారు, మూతికి గుడ్డపీలిక చుడతారు, ప్లంబర్‌కు ఫోన్ చేస్తారు. చిన్న పని కాబట్టి ఆయన ‘రేపొస్తా’ అంటాడు. ఈ మొత్తంలో కుళాయికి ఎక్కువ చెరుపు చేసింది మొదటి రోజు మనం వేసిన ఆ అదనపు మెలికే. ఎందుకో తెలియాలంటే కుళాయిని విప్పి లోపల చూడాలి.

పిడిని రెండు మూడు చుట్లు తిప్పితే గానీ పూర్తిగా తెరుచుకోని పాతరకం కుళాయి ఇప్పటికీ మన పెరళ్లలో, అద్దె వాటాల్లో, వీధి కుళాయిల దగ్గర కనిపిస్తూనే ఉంది. దాని వయసు దాదాపు 180 ఏళ్లు. ఇంగ్లండ్‌లోని రోథరమ్‌లో ఇత్తడి పోతపని చేసే గెస్ట్ అండ్ క్రైమ్స్ సంస్థ 1845లో దానికి పేటెంటు తీసుకుంది. అంతకుముందు వాడినవి బిరడా కుళాయిలు. గొట్టానికి అడ్డంగా ఒక లోహపు బిరడా, దాని నడుమ ఒక బెజ్జం. పావు చుట్టు తిప్పితే బెజ్జం గొట్టానికి ఎదురొచ్చి నీళ్లు పారేవి, మళ్లీ తిప్పితే ఆగేవి. లోహం మీద లోహం రాసుకుని త్వరగా అరిగిపోయేది. పైగా పారే నీళ్లను ఒక్క ఉదుటున ఆపడంతో గొట్టాలన్నీ అదిరేవి. ఊరంతటికీ ఒత్తిడితో నీళ్లు వదలడం మొదలయ్యాక ఆ కుళాయిలతో వేగడం కష్టమైంది. మర తిప్పే కుళాయి రెండు చిక్కులనూ తీర్చింది. మర ఉంది కాబట్టి నీరు మెల్లగా ఆగుతుంది, లోహానికీ లోహానికీ మధ్య మెత్తటి బిళ్ల ఉంది కాబట్టి అరుగుదలంతా ఆ బిళ్ల మీదికి పోతుంది.

కుళాయి లోపల నీరు వచ్చే గదికీ బయటికి పోయే గదికీ మధ్య ఒక అడ్డుగోడ ఉంటుంది. ఆ గోడలో ఒక గుండ్రటి రంధ్రం, రంధ్రం చుట్టూ కాస్త ఎత్తుగా లేచిన అంచు. ప్లంబర్లు దాన్ని సీటు అంటారు. సీటు మీద కూర్చునేది వాషర్. వాషర్‌ను మోసే చిన్న ఇత్తడి ముక్క జంపర్. జంపర్‌ను పైనుంచి నొక్కేది మరలు కోసిన కడ్డీ, అదే స్పిండిల్. మనం తిప్పే పిడి స్పిండిల్ కొసన ఉంటుంది. కుడివైపు తిప్పితే స్పిండిల్ దిగి వాషర్‌ను సీటుకు అదుముతుంది. ఉన్న యంత్రమంతా ఇంతే. కుళాయికి ఎంత డబ్బు పోసినా, పైన ఎంత మెరుపున్నా, నీటిని ఆపుతున్నది కొద్ది రూపాయలకు దొరికే ఆ రబ్బరు బిళ్ల.

ఆ బిళ్ల మీద ఎంత బలం పడుతుందో లెక్క వేద్దాం. మిద్దె మీద ట్యాంకులో నీటిమట్టం కుళాయి కంటే 5 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. 10 మీటర్ల నీటి ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో చొప్పున ఒత్తిడి వస్తుంది, కాబట్టి ఇక్కడ అరకిలో. సీటు రంధ్రం వెడల్పు 12 మి.మీ. అయితే దాని వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు కంటే కొంచెం ఎక్కువ. అంటే వాషర్‌ను పైకి తోసే నీటి బలం అరకిలో పైచిలుకు. ఇక మన వైపు బలం చూద్దాం. పిడి అంచు స్పిండిల్ నడిమి నుంచి 25 మి.మీ. దూరంలో ఉంది, ఒక చుట్టుకు స్పిండిల్ 2 మి.మీ. దిగుతుంది అనుకుందాం. చెయ్యి 157 మి.మీ. తిరిగితే వాషర్ 2 మి.మీ. కదిలింది. కదలిక ఎన్ని రెట్లు తగ్గిందో బలం అన్ని రెట్లు పెరుగుతుంది, అంటే దాదాపు 78 రెట్లు. వేళ్లతో రెండు కిలోల బలం పెట్టినప్పుడు, మరల రాపిడిలో ముప్పాతిక వంతు పోయినా, వాషర్ మీద ఇంచుమించు నలభై కిలోలు పడతాయి.

అరకిలోను ఆపడానికి నలభై కిలోలు! ఇక పిడికిలి బిగించి, పళ్లు కొరికి తిప్పితే ఎంత పడుతుందో ఊహించుకోవచ్చు. మర చేతి బలాన్ని ఇన్ని రెట్లు చేస్తున్నా చేతికి ఆ సంగతి తెలియదు. మంచి వాషర్, నున్నటి సీటు ఉన్న కుళాయి రెండు వేళ్లతో కట్టినా ఆగి తీరాలి. ఆగలేదంటే లోపల ఏదో చెడిందని అర్థం. చెడినదాన్ని బలంతో నొక్కితే ఇంకా చెడుతుంది.

రబ్బరుకు ఒక గుణం ఉంది. నొక్కి వదిలితే తన ఆకారానికి తిరిగి వస్తుంది. అతి సన్నని గీతల్లోకి, గుంటల్లోకి కూడా జొరబడి వాటిని పూడ్చేది ఆ గుణంతోనే. అయితే ఎక్కువ బలంతో, ఎక్కువ కాలం నొక్కి ఉంచితే రబ్బరులోని పొడవాటి అణు గొలుసులు కొత్త స్థానాల్లో స్థిరపడిపోతాయి. అప్పుడు వదిలినా పూర్తిగా లేవదు. క్లోరిన్ కలిసిన నీరు ఆ గొలుసులను మెల్లమెల్లగా తెంచుతుంది. గీజర్ నుంచి వచ్చే వేడినీళ్లు ఈ పనిని ఇంకా తొందర చేస్తాయి. వేడినీళ్ల కుళాయే ముందు కారడానికి పెద్ద కారణం ఇదే. దానికి ఇంకో చిత్రం కూడా ఉంది. కట్టేసిన కాసేపటికి లోపలి ఇత్తడి చల్లారి కుంచించుకుపోతుంది, సీటుకూ వాషర్‌కూ మధ్య పట్టు సడలుతుంది. కట్టినప్పుడు ఆగిన కుళాయి పది నిమిషాల తర్వాత కారడం మొదలైతే దాన్ని గట్టిగా కట్టలేదని ఎవరినీ కేకలేయనక్కర్లేదు.

అరిగిన వాషర్‌ను ఒక్కసారి అరచేతిలో పెట్టుకుని చూడండి. పైముఖం నున్నగా ఉంటుంది. సీటు మీద కూర్చున్న ముఖం మీద గుండ్రంగా ఒక గాడి కనిపిస్తుంది, సీటు అంచు ఎంత వెడల్పో అంతే వెడల్పు. గోటితో రాస్తే ఆ గాడిలో రబ్బరు గట్టిగా, పెళుసుగా తగులుతుంది. ఒకచోట మాత్రం గాడి అంచు తెగి, లోపలి నుంచి బయటికి ఒక సన్నని చార కనిపిస్తుంది. చుక్క వచ్చిన దారి అదే. కొన్నిసార్లు ఆ చారలో ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటుంది. కొన్నిసార్లు వాషర్ నల్లరంగు వేలికి అంటుకుంటుంది, రబ్బరు కుళ్లిపోయిందన్నమాట.

ఆ దారి ఎంత సన్ననిదో తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. సీటు అంచు వెడల్పు 1 మి.మీ., చుట్టూ 5 మి.మీ. మేర మాత్రమే వాషర్ ఆనడం లేదు అనుకుందాం. సెకనుకు ఒక చుక్క చొప్పున, అంటే పదో వంతు మిల్లీలీటరు చొప్పున నీరు కారడానికి ఆ సందు ఎంత ఎత్తుండాలి? లెక్క కడితే దాదాపు 17 మైక్రాన్లు వస్తుంది. తలవెంట్రుక మందంలో నాలుగో వంతు. నీరు దాన్ని సెకనుకు మీటరు పైచిలుకు వేగంతో దాటుతుంది. ఇరుకు సందుల్లో నీటి ప్రవాహానికి ఒక నియమం ఉంది: సందు ఎత్తు రెట్టింపైతే కారే నీరు ఎనిమిది రెట్లవుతుంది, మూడింతలైతే ఇరవై ఏడు రెట్లు. నెలల తరబడి చుక్కగా ఉన్నది ఒక వారంలో ధారగా మారడం అందుకే. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకునేవాళ్లు ఈ లెక్కను గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

సందు పెరిగేకొద్దీ నీటి వేగం కూడా పెరుగుతుంది. నీటిలోని సన్నని ఇసుక ఇత్తడి సీటును కోయడం మొదలుపెడుతుంది. కొంతకాలానికి సీటు అంచు మీద దారం పెట్టి కోసినట్టు గాడి పడుతుంది. అప్పుడు కొత్త వాషర్ వేసినా నాలుగు రోజులకే మళ్లీ కారుతుంది. ‘సీటు కొట్టేసింది’ అని ప్లంబర్లు చెప్పేది ఈ గాడి గురించే. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసిన లోహం. కొన్నిరకాల నీళ్లు, ముఖ్యంగా ఉప్పదనం ఉన్నవి, అందులోంచి తుత్తునాగాన్ని లాగేస్తాయి. మిగిలిన రాగి ఎర్రగా, గుల్లగా అవుతుంది. అలాంటి సీటు ఇంకా సులువుగా తెగుతుంది.

ఇక చుక్క సంగతి. సందులోంచి నీరు ఆగకుండా వస్తున్నా కుళాయి మూతి దగ్గర అది చుక్కలుగా ఎందుకు విడిపోతుంది? నీటి పైపొరకు బిగువు ఉంటుంది. ఆ బిగువు పెరుగుతున్న చుక్కను మూతి అంచుకు వేలాడదీసి పట్టుకుంటుంది. బరువు ఆ బిగువును మించిన క్షణంలో చుక్క మెడ సన్నబడి తెగుతుంది. ఇంగ్లండ్‌లో థామస్ టేట్ 1864లో రకరకాల గొట్టాలతో కొలిచి, చుక్క బరువు గొట్టం అంచు వెడల్పును బట్టి ఉంటుందని చెప్పాడు. అందుకే అన్ని ఇళ్ల కుళాయి చుక్కలూ ఒకే పరిమాణంలో ఉండవు. వేలాడే అంచు 4 మి.మీ. వెడల్పయితే చుక్క దాదాపు 0.06 మిల్లీలీటర్లు. ఇంకా వెడల్పాటి మూతికి అంతకంటే పెద్ద చుక్క.

కాబట్టి ‘కారే కుళాయి నెలకు ఇన్ని లీటర్లు తాగేస్తుంది’ అని పోస్టర్ల మీద రాసే అంకెలను మీ ఇంటికి అన్వయించుకోకండి, మీరే కొలవండి. మందుసీసాతో వచ్చే కొలత మూత లేదా పిల్లల పాలసీసా చాలు. పది నిమిషాలు కుళాయి కింద పెట్టి, పడినదాన్ని 144తో గుణిస్తే ఒక రోజు లెక్క వస్తుంది. పది నిమిషాల్లో 60 మి.లీ. పడితే రోజుకు 8 లీటర్ల 640 మిల్లీలీటర్లు, ఏడాదికి 3,150 లీటర్ల పైన. గ్రామాల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలని 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ లక్ష్యం పెట్టుకుంది. పైన చెప్పినట్టు కారే కుళాయిలు ఆరు ఉంటే, ఒక మనిషికి ఒక రోజుకు ఇచ్చే నీరు దాదాపుగా పోయినట్టే. హైదరాబాద్‌లో ఇంటి నల్లాలోకి వచ్చే కృష్ణా నీరు నూరు కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో ఎత్తిపోతలతో వస్తుంది, గోదావరి నీరు ఇంకా ఎక్కువ దూరం. అంత ఖర్చుపెట్టి, శుద్ధి చేసి తెచ్చిన నీరు చివరి అడుగులో ఒక వాషర్ లోపంతో మోరీలో కలవడం నాకు మనసు ఒప్పదు.

చుక్కల మధ్య వ్యవధి మీద భౌతికశాస్త్రంలో ఒక చక్కని కథ ఉంది. నీరు చాలా నెమ్మదిగా వస్తుంటే చుక్కలు గడియారంలా సమంగా పడతాయి. ప్రవాహం కొంచెం పెంచితే ఒక వ్యవధి పొడుగు, తర్వాతిది పొట్టి, మళ్లీ పొడుగు, ఇలా జంటలుగా పడతాయి. ఇంకా పెంచితే ఏ క్రమమూ చిక్కదు. కాలిఫోర్నియాలోని శాంటాక్రజ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ షా, ఆయన మిత్రులు చుక్కలను ఒక కాంతిరేఖ మీదుగా పడేటట్టు చేసి, ఒక్కో చుక్క ఆ రేఖను అడ్డుకున్న సమయాన్ని కంప్యూటర్‌లో నమోదు చేశారు. ఒక వ్యవధిని అడ్డంగా, దాని తర్వాతి వ్యవధిని నిలువుగా పెట్టి బిందువులు గుర్తిస్తే, క్రమమే లేదనుకున్న చుక్కలు కాగితం మీద చెల్లాచెదురుగా పడలేదు. ఒక స్పష్టమైన వంపు గీశాయి. షా దీన్ని 1984లో పుస్తకంగా వేశాడు. కారే కుళాయి అప్పటి నుంచి కేయాస్ సిద్ధాంతం చెప్పే తరగతుల్లో మామూలు ఉదాహరణ అయింది.

చుక్కల క్రమం తప్పడానికి కారణం కళ్లతో చూడగలిగేదే. చుక్క తెగగానే మూతికి మిగిలిన నీరు పైకి ఎగిరి, కిందికి సాగి, ఊగుతుంది. ఆ ఊగు చల్లారకముందే కొత్త నీరు వచ్చి చేరితే, తర్వాతి చుక్క ఎప్పుడు తెగుతుందో ఆ క్షణంలో నీరు పైకి ఊగుతోందా కిందికి ఊగుతోందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రతి చుక్కా తన తర్వాతిదానికి ఒక గుర్తు వదిలి వెళ్తుంది. రాత్రి నిద్రపట్టక చుక్కలు లెక్కపెట్టేవాళ్లకు ఎంత లెక్కపెట్టినా లయ అందకపోవడానికి ఇదే కారణం.

ఆ ‘టప్పు’మనే చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో కూడా చాలాకాలం సరిగా తేలలేదు. చుక్క నీటిని గుద్దడం వల్ల అని సహజంగా అనుకుంటాం. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన అనురాగ్ అగర్వాల్ ఒకసారి బ్రెజిల్‌లో స్నేహితుడి ఇంట్లో ఉన్నప్పుడు, కారుతున్న కప్పు కింద పెట్టిన బక్కెట్టు చప్పుడుతో ఈ ప్రశ్నలో పడ్డాడు. సెకనుకు వేల చిత్రాలు తీసే కెమెరాతో, నీటి పైనా లోపలా మైకులు పెట్టి ఆయన బృందం చేసిన ప్రయోగం ఫలితాలు 2018లో వచ్చాయి. చుక్క గుద్దుకోవడం దాదాపు నిశ్శబ్దంగానే జరుగుతుంది. నీటిలో చిన్న గుంట పడుతుంది, ఆ గుంట పూడుకునే తొందరలో అడుగున ఒక గాలిబుడగ చిక్కుతుంది. బుడగ కుంచించుకుంటూ ఉబ్బుతూ కంపిస్తుంది. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధమున్న బుడగ సెకనుకు సుమారు 3,000 సార్లు కంపిస్తుంది. ఆ కంపనం పైన ఉన్న నీటి పొరను తోస్తూ లాగుతూ గాలిలోకి చప్పుడును పంపుతుంది. నీటిలో కాసిని చుక్కల గిన్నెల సబ్బు కలిపితే పైపొర బిగువు మారి బుడగ చిక్కదు, చప్పుడు ఆగిపోతుంది. మూతికి ఒక దారం కట్టి బక్కెట్టు అడుగుదాకా వేలాడదీసినా సరే, నీరు దారం వెంబడి చప్పుడు లేకుండా జారుతుంది. ప్లంబర్ రేపటికి గానీ రానన్న రాత్రి ఈ రెండూ పనికొస్తాయి. అంతకు మించి ఉపయోగం లేదు, నీరు పోతూనే ఉంటుంది.

ముంబయి శివారు మీరా రోడ్‌లో ఉండే రచయిత, చిత్రకారుడు ఆబిద్ సూర్తి గురించి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఇంద్రజాల్ కామిక్స్ చదివినవాళ్లకు బహదూర్ పాత్ర గుర్తుంటుంది, దాన్ని సృష్టించింది ఆయనే. డెబ్బై ఏళ్లు దాటిన వయసులో, 2007లో ఆయన డ్రాప్ డెడ్ ఫౌండేషన్ పేరుతో ఒక పని మొదలుపెట్టాడు. ఆదివారం పూట ఒక ప్లంబర్‌నూ ఒక మహిళా కార్యకర్తనూ వెంటబెట్టుకుని అపార్ట్‌మెంట్లలో ఇంటింటి తలుపూ తట్టి, కారే కుళాయి ఉంటే ఉచితంగా బాగుచేయడం. మొదటి ఖర్చులకు తనకు సాహిత్యానికి వచ్చిన లక్ష రూపాయల పురస్కారం సొమ్ము వాడాడు. పెద్ద ఉపన్యాసాల జోలికి పోకుండా చేతిలో వాషర్లతో వెళ్లడమే ఆయన పద్ధతిలో నాకు నచ్చిన విషయం. చాలా ఇళ్లలో కుళాయి కారడానికి కారణం నిర్లక్ష్యం కన్నా, ఇంత చిన్న పనికి మనిషి దొరకకపోవడమే.

మన దగ్గర కూడా ఇది ఆలోచించాల్సిన సమయం. తెలంగాణలో 2016లో గజ్వేల్ దగ్గర ప్రారంభమైన మిషన్ భగీరథ గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్కన నీరు ఇవ్వాలనుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఇంటింటి కుళాయిలు పెరిగాయి. గొట్టం వేసి కుళాయి బిగించడానికి డబ్బు, మనుషులు, గడువులు అన్నీ ఉంటాయి. నాలుగేళ్ల తర్వాత ఆ కుళాయిలో వాషర్ మార్చే మనిషి మాత్రం చాలాచోట్ల దొరకడు. పంచాయతీ ఆఫీసు బీరువాలో ఒక పొట్లం వాషర్లు, ఒక పానా ఉంచి, ఊళ్లో ఇద్దరికి పని నేర్పితే అయ్యే ఖర్చు లెక్కలోకి కూడా రాదు. కుళాయి కింద నిలిచే నీళ్లలో డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా పెరగడానికి వారం పది రోజులు చాలు. ఆ ఒక్క కారణమే ఇంత ఖర్చుకు సరిపోతుంది.

పని నేర్చుకోవడం కష్టం కాదు. మొదట కారుతున్నది ఎక్కడి నుంచో చూడాలి. కట్టేసినా మూతి నుంచి కారితే వాషర్ లేదా సీటు. కుళాయి తెరిచినప్పుడు మాత్రమే పిడి కింద నుంచి ఊరితే స్పిండిల్ చుట్టూ ఉండే ప్యాకింగ్ పోయింది. అక్కడి నట్టును పావు చుట్టు బిగిస్తే చాలాసార్లు ఆగుతుంది, లేకపోతే లోపల దారం కొత్తది చుట్టాలి, లేదా రబ్బరు రింగు మార్చాలి. గోడ దగ్గర కుళాయి దిగిన చోట తడి ఉంటే మరల మీది తెల్ల టేపు పని. టేపు పనికొచ్చేది ఈ మూడో చోటే. మూతి నుంచి కారే కుళాయికి బయట ఎన్ని చుట్లు టేపు చుట్టినా వృథా.

వాషర్ మార్చడానికి ముందు పైన ట్యాంకు దగ్గర వాల్వు కట్టేసి, కుళాయి తెరిచి గొట్టంలో మిగిలిన నీరు పోనివ్వాలి. ఆ తర్వాత కుళాయిని తెరిచే ఉంచాలి. కట్టేసి ఉంచితే వాషర్ సీటుకు అదిమి ఉండడంతో పైభాగం మరలు విప్పడం కష్టమవుతుంది. పానాతో విప్పేటప్పుడు రెండో చేత్తోనో ఇంకో పానాతోనో కుళాయి ఒంటిని కదలకుండా పట్టుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. పట్టుకోకపోతే పానా బలమంతా గోడలో గొట్టం మలుపు దగ్గర ఉన్న ఎల్బో మీద పడుతుంది. ఈ రోజుల్లో గోడల్లో ఎక్కువగా ప్లాస్టిక్ గొట్టాలే ఉంటాయి, ఎల్బో చిట్లితే వాషర్ పని కాస్తా గోడ పగలగొట్టే పని అవుతుంది. పైభాగం ఊడి వచ్చాక జంపర్ దానితో పాటు వస్తుంది, లేదా సీటు మీదే ఉండిపోతుంది. పాత వాషర్‌ను శానిటరీ షాపుకు తీసుకెళ్లి అదే కొలత తెచ్చుకోవాలి. అర అంగుళం కుళాయి అని చెప్తే సరిపోదు, అందులో కూడా తేడాలుంటాయి.

కొత్తది పెట్టే ముందు చూపుడువేలు లోపలికి పెట్టి సీటు అంచు చుట్టూ మెల్లగా తిప్పండి. చుట్టూ ఒకేలా నున్నగా తగిలితే వాషర్ ఒక్కటే మార్చితే చాలు. ఎక్కడైనా వేలికి గాటు తగిలితే సీటు కట్టర్‌తో అంచును ఒక పొర చెక్కి సమం చేయాలి. ప్లంబర్ దగ్గర ఆ పనిముట్టు ఉంటుంది. రెండు మూడు తేలికపాటి చుట్లు చాలు, మితిమీరి చెక్కితే అంచే మిగలదు. రబ్బరుకు కొబ్బరినూనె గానీ బండి గ్రీజు గానీ రాయవద్దు. చాలారకాల రబ్బర్లు నూనె తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. అన్నీ బిగించాక పై వాల్వును కొద్దికొద్దిగా తెరవండి. కొత్తగా కట్టిన కుళాయి మూతిలో మిగిలిన నీరు రెండు మూడు నిమిషాలు చుక్కలుగా పడుతుంది, దాన్ని లోపం అనుకుని మళ్లీ బిగించకూడదు.

పావు చుట్టుకే తెరుచుకునే కొత్తరకం కుళాయిల్లో వాషర్ ఉండదు. వాటిలో నీటిని ఆపేది ఒకదాని మీద ఒకటి ఆనిన రెండు పింగాణీ బిళ్లలు. పింగాణీ అంటే ఇక్కడ అల్యూమినియం ఆక్సైడ్, కెంపులు, నీలాలు ఏ పదార్థమో అదే. వాటి ముఖాలను ఎంత నున్నగా చేస్తారంటే రెండిటి మధ్య నీరు దూరడానికి సందే ఉండదు. వీటికి బలంతో పనే లేదు, గట్టిగా తిప్పితే లోపల ఆపే మెట్టు విరగడం తప్ప లాభం లేదు. ఇసుక రేణువు చేరితే మాత్రం బిళ్ల గీసుకుపోతుంది, అప్పుడు లోపలి కార్ట్రిడ్జిని మొత్తంగా మార్చాల్సిందే. మార్చేటప్పుడు పిడి కూర్చునే పళ్ల సంఖ్య సరిచూసుకోవాలి.

వీటికి ఇంకో శత్రువు బోరు నీరు. తాగునీటిలో గట్టిదనం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే నీరు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చనీ భారతీయ ప్రమాణం చెప్తుంది. రాయలసీమలో, తెలంగాణలో ఎన్నో బోర్ల నీరు ఆ తొలి హద్దును దాటే ఉంటుంది. అలాంటి నీరు చుక్కగా వేలాడినప్పుడు అందులోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోయి, కరిగి ఉన్న సున్నం రాయిగా బయటపడుతుంది. అరకు దారిలో బొర్రా గుహల కప్పు నుంచి వేలాడే రాతి కొమ్ములను పెంచిన రసాయనచర్య సరిగ్గా ఇదే. కుళాయి మూతికి పట్టే తెల్లటి పొక్కు ఆ జాతిదే. చింతపండు రసంలోనో వెనిగర్‌లోనో తడిపిన గుడ్డను గంటసేపు చుట్టి ఉంచితే కరుగుతుంది. బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే పొక్కుతో పాటు పైన మెరుపు పూత, దాని కింద ఇత్తడి కూడా తింటుంది.

ఏ రకం కొనాలని అడిగితే, బోరు నీటితో నడిచే పెరటి కుళాయికీ బట్టలుతికే చోటుకూ నేను మర తిప్పే ఇత్తడి కుళాయే చెప్తాను. అక్కడ ఇసుక, సున్నం రెండూ తప్పవు, పాడైతే వాషర్ మార్చుకుంటే సరిపోతుంది. వంటింట్లో రోజుకు యాభైసార్లు తెరిచి మూసే చోట పింగాణీ రకం మేలు, పైన ట్యాంకు నుంచి దిగే గొట్టానికి ఒక జాలీ ఫిల్టర్ పెట్టించి, ఆ జాలీని మూడు నాలుగు నెలలకోసారి కడగగలిగితే.